నంద్యాల మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో

బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయం నుంచి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు అన్నిటికన్నా దగ్గరి దారి ఏదని లెక్కగట్టి చూస్తే, ఆ గీత మన ఊళ్ల మీదుగానే పోతుంది. దేవనహళ్లిలో మొదలై, ఉత్తర దిక్కు నుంచి ఇరవై డిగ్రీల మేర తూర్పుకు మొగ్గి, ఆళ్లగడ్డను పది కిలోమీటర్ల దూరంలో పడమర నుంచి దాటి, నంద్యాలకూ మహానందికీ నడుమ నల్లమల అంచున పైకి సాగిపోతుంది. అక్కడి నుంచి నేపాల్, టిబెట్, మంగోలియా, సైబీరియా. ఆర్కిటిక్ సముద్రపు అంచు దాకా ఎక్కి, అలాస్కా మీదుగా కాలిఫోర్నియాకు దిగుతుంది. మొత్తం పొడవు 14,000 కిలోమీటర్లకు పిసరు తక్కువ.

అంటే ఆళ్లగడ్డ నుంచి కొడుకునో కూతురునో కారులో దాదాపు మూడు వందల కిలోమీటర్లు దక్షిణాన ఉన్న దేవనహళ్లికి తీసుకుపోయి విమానం ఎక్కిస్తే, ఆ విమానం దగ్గరి గీత పట్టుకుంటే గనక మళ్లీ మన మిద్దెల మీదుగానే వెనక్కి పోవాలి. నిజానికి శాన్‌ఫ్రాన్సిస్కో దేవనహళ్లి కంటే ఆళ్లగడ్డకే 230 కిలోమీటర్లు దగ్గర.

ఈ మాట చెబితే చాలామంది ఒప్పుకోరు. పసిఫిక్‌ను నడుమ పెట్టిన గోడ పటం చూసినవాళ్లకు అమెరికా పడమటి తీరం బంగాళాఖాతం, పసిఫిక్ దాటి తూర్పున కనిపిస్తుంది. పటం మీద స్కేలు పెట్టి గీత గీసి, దిక్కు మార్చకుండా ఆ గీత వెంటే పోతే 16,100 కిలోమీటర్లు అవుతుంది, అంటే రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దండగ. పిల్లల గ్లోబు మీద బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారం బిగించి పట్టుకుంటే దారం తనంతట తానే ఉత్తరానికి జరిగి సైబీరియా మీద ఆగుతుంది. చేత్తో చేసి చూస్తే గానీ నమ్మకం కుదరని విషయమిది.

ఫోనులో రెండు ఊళ్ల పేర్లు కొడితే ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని గంటలో రెప్పపాటులో వచ్చేస్తున్నాయి. ఆ రెండు అంకెల వెనక వెయ్యేళ్లకు మించిన కథ ఉంది. అందులో ఒక అధ్యాయం మనకు వంద కిలోమీటర్ల లోపే, గుత్తి దగ్గర నడిచింది.

భూమి గుండ్రమని తెలిసినంత మాత్రాన దూరం తెలియదు. ఆ గుండు ఎంత పెద్దదో కూడా తెలియాలి. 499లో వచ్చిన ఆర్యభటీయం భూమి వ్యాసం 1050 యోజనాలని చెప్పింది. మన జ్యోతిష్కులు ఉజ్జయిని మీదుగా పోయే గీతను మూలంగా పెట్టుకుని, ప్రతి ఊరూ ఆ గీతకు ఎంత తూర్పో పడమరో గుణించేవారు. ఆ తేడాను బట్టే సూర్యోదయం ముందో వెనకో తేలుతుంది కాబట్టి పంచాంగానికి అది తప్పనిసరి.

రెండు దూరపు నగరాల మధ్య దూరాన్ని గోళం మీది త్రిభుజాలతో కట్టి చూపినవాడు అల్‌బిరూనీ. గజనీలో కూర్చుని, మక్కా ఏ దిక్కునుందో ఖచ్చితంగా తేల్చడానికి ఆయన బాగ్దాదు నుంచి గజనీ దాకా నడిమి ఊళ్లను ఒక్కొక్కటిగా లెక్కించాడు. ఆ లెక్కలతో రాసిన గ్రంథం 1025 నాటికి పూర్తయింది. ఒంటెల బాటలు చెప్పే దూరాలను ఆయన ఉన్నవున్నట్టు తీసుకోలేదు. బాట వంకర్లు పోతుంది గనుక అందులో కొంత భాగం తీసేసి, మిగిలిందే అసలు దూరమన్నాడు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు హైవే మీద నలభై కిలోమీటర్లని మనం అంటున్నప్పుడు, పక్షి దారి అంతకన్నా తక్కువని మనకూ తెలుసు. ఆ తేడాను లెక్కలోకి ఎక్కించినవాళ్లలో ఆయన ముందువరసవాడు.

తరువాతి ఐదు వందల ఏళ్లను త్వరగా దాటేయవచ్చు. ఒకే దిక్కుకు నౌక నడిపితే వచ్చే దారి వేరు, గోళం మీద అతి దగ్గరి దారి వేరని పోర్చుగల్‌కు చెందిన పేద్రో నునెస్ 1537లో విడదీసి చెప్పాడు. 1569లో మెర్కేటర్ వేసిన పటం మొదటి దారిని సరళరేఖగా చూపింది. నావికులకు అది వరమైంది. మన గోడల మీద నేటికీ వేలాడుతున్న పటాలు చాలావరకు దాని సంతానమే, మన కళ్లను మోసగిస్తున్నదీ అదే.

ఇక గుత్తి కథకు వద్దాం. విలియం లాంబ్టన్ ఈస్టిండియా కంపెనీ పక్షాన శ్రీరంగపట్నం మీదికి వచ్చిన సైనికాధికారి. 1799లో ఒక రాత్రి పటాలం నడుస్తుంటే ఆయన తలెత్తి నక్షత్రాలను చూశాడు. మనం వెళ్లాల్సింది దక్షిణానికి, నడుస్తున్నది ఉత్తరానికి, ఇలాగే పోతే టిప్పు శిబిరంలో తేలతామని పైఅధికారిని హెచ్చరించాడు. యుద్ధం ముగిశాక, ఈ దేశాన్ని తీరం నుంచి తీరానికి కొలుస్తానని, ఆ పనిలోనే భూమి ఆకారమూ తేలుస్తానని సర్కారును ఒప్పించాడు.

1802 ఏప్రిల్ 10న మద్రాసు పరంగిమల దగ్గర పని మొదలైంది. నేల మీద ఏడున్నర మైళ్ల గీతను ఉక్కు గొలుసుతో కొలవాలి. ఆ గొలుసుకూ ఓ చరిత్ర ఉంది. బ్రిటిష్ రాయబారులు చైనా చక్రవర్తికి కానుకగా పట్టుకుపోతే ఆయన వద్దన్నాడు, అది తిరిగి తిరిగి కలకత్తా చేరితే లాంబ్టన్ కొనుక్కున్నాడు. ఎండకు ఉక్కు సాగుతుంది, చల్లబడితే కుదించుకుపోతుంది. అందుకే గొలుసును పెట్టెల్లో పరిచి, నీడ పట్టి, పక్కన ఉష్ణమాపకాలు ఉంచి, ఒక్కో కొలతకూ వేడిని రాసుకుంటూ పోయారు. ఏడున్నర మైళ్లకు 57 రోజులు పట్టింది.

ఒక్క గీత కొలిస్తే చాలు. దాని రెండు కొసల నుంచి దూరపు కొండ శిఖరాన్ని చూసి కోణాలు తీసుకుంటే, ఆ శిఖరం ఎంత దూరమో నడవకుండానే లెక్కలో వస్తుంది. ఆ కొత్త భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద మరొకటి. కోణాలు తీయడానికి తెప్పించుకున్న థియోడలైట్ అరటన్ను బరువుండేది. అది వస్తున్న ఓడను ఫ్రెంచివాళ్లు పట్టుకుని మారిషస్‌కు తీసుకుపోయి, లోపల ఉన్నదేమిటో చూసి మర్యాదగా మద్రాసుకు పంపించేశారు. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకు కొట్టుకుని చక్రం వంగిపోయింది. లాంబ్టన్ ఆరు వారాలపాటు గుడారంలో తలుపులేసుకున్నట్టు కూర్చుని, తన చేత్తోనే దాన్ని సరిచేసుకున్నాడు.

కన్యాకుమారి వైపు నుంచి ఉత్తరానికి పోయే ఈ త్రిభుజాల వరుస 78వ రేఖాంశానికి కాస్త పడమరగా మన సీమలోకి ప్రవేశించింది. లెక్కలో పొరపాటు పేరుకుపోకుండా మధ్యమధ్యలో నేల మీద మళ్లీ గొలుసు పరిచి సరిచూసుకోవాలి. అలాంటి ఒక గీతను 1811లో గుత్తి దగ్గర కొలిచారు. గుత్తికీ ఆళ్లగడ్డకూ అక్షాంశం దాదాపు ఒకటే. ఒకటి నేరుగా తూర్పున ఉంటే ఇంకొకటి నేరుగా పడమరన. నల్లరేగడి చేల మీద ఎండాకాలపు గాలి మసకమసకగా ఊగుతుంటే దూరపు కొండ మీది జెండా కనబడదు. తెల్లారగట్టనో పొద్దువాలాకనో చూడాలి. ఆ జెండాలు పట్టుకుని గుట్టల మీద రోజుల తరబడి కాపు కాసినవాళ్లు, గొలుసు మోసినవాళ్లు, రాళ్లు పేర్చినవాళ్లు ఈ గడ్డ మనుషులు. పుస్తకాల్లో లాంబ్టన్ పేరుంది, వాళ్ల పేర్లు లేవు. నా మటుకు నాకు ఆ కొలత సగం వాళ్లదే.

ఈ కొలతను పాలకులు ఊరికే చేయించలేదు. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ధారపోశాడు. భూమి కొలతా, శిస్తూ, పాలెగాళ్లను అణచడమూ అన్నీ ఒకే చేతి పనులు. ఆళ్లగడ్డకూ కోయిలకుంట్లకూ మధ్య ఉన్న ఉయ్యాలవాడ నుంచి నరసింహారెడ్డి ఆ కంపెనీ మీద తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోయిలకుంట్లలో ఉరితీశారు. ఈ రోజు నంద్యాలవాళ్లకు దగ్గర్లో ఉన్న విమానాశ్రయం ఆయన పేరు మీదే ఉండటం నాకు గర్వంగా ఉంటుంది.

లాంబ్టన్ 1823 జనవరి 20న పనిలో ఉండగానే, నాగపూరుకు దక్షిణాన హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆయన దగ్గర 1818 చివర హైదరాబాదులో చేరిన జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో జ్వరంతో చావుదప్పి బయటపడి, ఆ పనిని ముందుకు నడిపించాడు. ఈ కొలతల ఆధారంగా 1830లో భూమి ఆకారానికి ఎవరెస్ట్ ఒక లెక్క కట్టాడు. నడుము దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర అణిగిన గోళం అది. నడుము దగ్గర అర్ధవ్యాసం 63,77,276 మీటర్లు. ఇప్పుడు ఉపగ్రహాలు చెబుతున్నది 63,78,137 మీటర్లు. తేడా 861 మీటర్లు. గొలుసుతో, కొండ మీది జెండాలతో, తాడుకు వేలాడి దెబ్బతిన్న యంత్రంతో తేల్చిన లెక్కకు అంతే తేడా! భారతదేశ పటాలు 21వ శతాబ్దం దాకా ఆ గోళం మీదే గీశారు.

ఆ తరువాతిది గణితజ్ఞుల పని. అణిగిన గోళం మీద రెండు చోట్ల మధ్య దూరాన్ని మిల్లీమీటర్ల దాకా తేల్చే పద్ధతిని థాడియస్ విన్సెంటీ 1975లో ప్రకటించాడు. 1998 నుంచి ప్రపంచ విమానయానమంతా ఒకే ఉపగ్రహ గోళాన్ని ప్రమాణంగా తీసుకుంది. నావికుల మైలు 1852 మీటర్లని 1929లోనే ఒప్పందమైంది. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక భాగం పొడవు రమారమి అంత. విమానాలు నేటికీ ఆ మైళ్లలోనే నడుస్తాయి. దూరం కథ ఇక్కడితో స్థిరపడింది.

కాలం కథ అలా స్థిరపడలేదు, పడదు కూడా.

14,000 కిలోమీటర్లను గంటకు 900 చొప్పున భాగిస్తే పదిహేనున్నర గంటలు రావాలి. నిజంగా ఎక్కి కూర్చున్నవాడికి ఒకసారి పదహారు గంటలు, ఇంకోసారి పదిహేడు, ఆ పైన కూడా పడుతుంది. ఎందుకని అడిగితే జవాబు జపాన్‌లో దొరుకుతుంది.

టోక్యోకు ఈశాన్యంగా తతెనో అనే చోట వాసబురో ఓయిషి అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు 1920ల మొదట్లో కొత్త పరిశోధనశాలకు అధిపతిగా ఉన్నాడు. చిన్న బెలూన్లను ఎగరేసి, నేల మీద నుంచి దుర్భిణితో వాటి వెంట చూపు పోనిచ్చి, ఏ ఎత్తులో గాలి ఎటు, ఎంత జోరుగా వీస్తున్నదో రాసుకునేవాడు. చలికాలంలో తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు సెకనుకు 70 మీటర్లకు మించిన గాలి కనిపించింది. గంటకు 250 కిలోమీటర్లు! మరి ఆ ఎత్తుకు ఆనాడు మామూలు విమానాలే పోవు, ఇక ఆ గాలి ఎవరికి కావాలి? పరాయి దేశాలవాళ్లు కూడా చదవాలన్న ఆశతో 1926లో తన నివేదికను ఎస్పెరాంటో భాషలో అచ్చు వేయించాడు. అందరిదీ కావాలని పుట్టించిన ఆ భాషను చదివేవాళ్లు కొద్దిమందే. ఆ నివేదిక పట్టించుకునే నాథుడు లేక పడి ఉండిపోయింది. 1944 నవంబరులో అమెరికన్ బాంబర్లు టోక్యో మీద ఎత్తున ఎగురుతూ ఊహించని గాలిలో చిక్కుకున్నాయి. బాంబుల గురి తప్పింది. ఓయిషి పద్దెనిమిదేళ్ల ముందు రాసిపెట్టింది వాళ్లు ప్రాణాలొడ్డి నేర్చుకున్నారు. శాస్త్రం చెప్పడం ఒక ఎత్తయితే, చెప్పింది చేరడం మరొక ఎత్తని నాకు ఈ కథ చదివిన ప్రతిసారీ బాధ కలుగుతుంది.

1952 నవంబరులో పాన్ అమెరికన్ సంస్థ ఆ గాలిని పనికి పెట్టింది. టోక్యో నుంచి హొనలులుకు పద్దెనిమిది గంటలు పట్టే ప్రయాణం, విమానాన్ని ఏడున్నర కిలోమీటర్ల ఎత్తుకు తీసుకుపోయి గాలి వీపున ఎక్కిస్తే, పదకొండున్నర గంటల్లో ముగిసింది. దూరంలో ఒక్క మైలూ తగ్గలేదు. అప్పటి నుంచి దూరప్రయాణాల దారి ప్రతిరోజూ కొత్తగా గీస్తున్నారు. ఈ రాత్రి గాలి ఎటున్నదో చూసి, ఇంధనం ఎంత మిగులుతుందో లెక్కవేసి, మూడు వందల కిలోమీటర్లు చుట్టు తిరిగినా అరగంట ముందు చేరే దారినే ఎంచుకుంటారు.

మన బెంగళూరు దారిలో ఇది కళ్లకు కట్టినట్టు జరిగింది. 2021 జనవరి 9 శనివారం రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిరిండియా బోయింగ్ 777 బెంగళూరుకు తొలిసారి ఆగకుండా బయలుదేరింది. నడిపినవారందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతో కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్షా సోనవారే, కెప్టెన్ శివానీ మన్హాస్. పాపగారి తన్మయి అన్న పేరు ఆ జాబితాలో చదివినప్పుడు ఎన్ని తెలుగు ఇళ్లలో ఆడపిల్లలకు పేపరు చూపించి ఉంటారో! దగ్గరి గీత 71 డిగ్రీల అక్షాంశం దాటి పైకి పోదు. వాళ్లు మాత్రం విమానాన్ని ఉత్తర ధ్రువం మీదికే తీసుకుపోయారు. గాలి ఆ దారిలో కలిసొస్తుంది కాబట్టి. ధ్రువం దగ్గర అయస్కాంత దిక్సూచిని నమ్మడానికి లేదు. బయటి చలికి రెక్కల్లో ఇంధనం చిక్కబడకుండా కనిపెట్టుకోవాలి. ఆపద వస్తే దిగడానికి విమానాశ్రయాలు తక్కువ. దాదాపు పదిహేడు గంటల తరువాత సోమవారం తెల్లవారుజామున దేవనహళ్లిలో దిగారు. రెండు ఊళ్ల గడియారాలకు పదమూడున్నర గంటల తేడా ఉండటంతో ప్రయాణికుల లెక్కలో ఆదివారం దాదాపు ఆకాశంలోనే గడిచిపోయింది.

నంద్యాల మీదుగా పోయే ఆ చక్కటి గీతను విమానాలు అచ్చంగా పట్టుకోలేకపోవడానికి గాలి ఒక్కటే కారణం కాదు. గీత మధ్యలో టిబెట్ ఉంది. విమానం లోపలి గాలి ఒత్తిడి పోతే పైలట్ వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్‌లో నేలే అంతకన్నా ఎత్తు. అందుకే అక్కడ ఎగిరే దారులు బహు తక్కువ. ఆపైన దేశాల తగవులు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు ఆకాశం మూసేశాక, పడమరకు పోయే చాలా ప్రయాణాలకు గంటలు పెరిగాయి. ఊళ్ల మధ్య దూరం ఉన్నది ఉన్నట్టే ఉంది.

మన దగ్గరి లెక్క కూడా ఇలాంటిదే. కర్నూలు, నంద్యాల మధ్య ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించారు. మూడు రోజులకు బెంగళూరు నుంచి తొలి విమానం దిగింది. దేవనహళ్లికి అక్కడి నుంచి నేరుగా 280 కిలోమీటర్ల పైచిలుకు. ఏటీఆర్ విమానం గంటకు 500 చొప్పున ఎగిరితే ముప్పై అయిదు నిమిషాల్లో చేరాలి. టైంటేబుల్లో మాత్రం గంట పైమాటే. విమానం చక్రాల కింద అడ్డుకట్టలు తీసినప్పటి నుంచి, దిగిన చోట మళ్లీ పెట్టేదాకా గడిచే కాలం అది. రన్‌వే దాకా పాకడం, మెల్లగా ఎక్కడం, గాలికి ఎదురుగా దిగడానికి చుట్టు తిరగడం, దేవనహళ్లి రద్దీలో వంతు కోసం వేచి ఉండటం, అన్నీ అందులోవే. దూరం తగ్గేకొద్దీ ఈ చిల్లర కాలమే పెద్దదవుతుంది.

ఓర్వకల్లు రన్‌వే పొడవు 2,000 మీటర్లు. ఏటీఆర్‌కు అది ధారాళం. అమెరికాకు సరిపడా ఇంధనం నింపుకున్న 777 లేవాలంటే మూడు కిలోమీటర్ల దరిదాపు ఉండాలి. దేవనహళ్లి రన్‌వేలు నాలుగు కిలోమీటర్లవి. కాబట్టి ఆ గీత మన మీదుగా పోయినా మనవాళ్లు ముందు దక్షిణానికి పోక తప్పదు. ఆళ్లగడ్డ నుంచి రాత్రి కారు కట్టుకుని పోవడం, ముందుగా చేరాల్సిన మూడు గంటలు, అవతల దిగాక ఇమ్మిగ్రేషన్ వరుస, ఇవేవీ ఫోను చూపే పదిహేడు గంటల్లో లేవు. ఇంటి గడప నుంచి గడపకు ఒక పగలూ రాత్రీ మించిపోతుంది. పెద్దవాళ్లను మనవళ్ల దగ్గరకు పంపేటప్పుడు లెక్క ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

దాన్ని తగ్గించే మార్గం మన చేతిలోనే ఉంది. ఓర్వకల్లు నుంచి బెంగళూరుకు రోజూ పొద్దునొకటి, సాయంత్రమొకటి విమానం ఉండాలి. ఆ వేళలు విదేశీ విమానాల వేళలకు కలవాలి. ఓర్వకల్లులో ఇచ్చిన సామాను శాన్‌ఫ్రాన్సిస్కోలో చేతికి రావాలి. నంద్యాల నుంచి, ఆళ్లగడ్డ నుంచి ఓర్వకల్లు మీదుగా కర్నూలుకు పోయే హైవే ఉండనే ఉంది. ఆ విమానాశ్రయపు గేటు దగ్గర ఆగే బస్సులు ఆ వేళలకు నడిస్తే, రాత్రంతా కారులో కూర్చునే పని డెబ్బై ఏళ్ల అవ్వాతాతలకు తప్పుతుంది.